పదకొండో పలక

రేపు తొమ్మిదింటికి జడ్జీలొస్తారు.
ఈ రాత్రికి ఫెవికాల్ ఆరదు.
సముద్రం పక్కనున్న ఊళ్లో ఏదీ ఓ పట్టాన ఆరదు.
చార్టులు మూలలు ముడుచుకుని
అలిగిన పిల్లుల్లా కూర్చున్నాయి.
వాటి నెత్తిన పదో తరగతి భౌతికశాస్త్రం పెట్టాం,
అది చాలక స్టాఫ్ రూములో ఇస్త్రీపెట్టె కూడా.

టైల్స్ కొట్టాయన విరిగినవని ఊరికే ఇచ్చిన తెల్ల పలకలు.
రోజుకొకటి, వాజిలిన్ రాసి,
కోటవీధిలో లిఖిత వాళ్ల డాబా మీద,
రుషికొండలో గఫూర్ వాళ్ల పిన్ని డాబా మీద.
ఇరవై రోజులు.
సాయంత్రం గళ్ల ప్లాస్టిక్ కాగితం పరిచి
భూతద్దంలో ఒక్కో గడిలో నల్ల చుక్కలు లెక్క.
గాలి పోర్టు వైపు నుంచి వీచిన రోజున
గఫూర్ అంకెలు రాయడం మానేసి
"చాలా" అని రాశాడు.
దాన్ని అంకెగా మార్చడానికి మాకు ఒక ఆదివారం పట్టింది.

ఇప్పుడు నేను జడ్జీని.
కళ్లజోడు ముక్కు చివరికి దించి
"ఏం చేశారమ్మా?" అంటాను.
"గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు, పూజ్యులైన..."
కుళాయి విప్పినట్టు.
ఆగు.
వాళ్లిచ్చేది నాలుగు నిమిషాలు,
నువ్వు మూడు దండాలకే ఖర్చు చేశావు.
మళ్లీ.

"పదకొండో రోజు కమ్మీ ఏది?"

లిఖిత గఫూర్ వైపు చూసింది.
"మా నాయనమ్మ తుడిచేసింది టీచర్."
ఎర్రయ్యమ్మ.
నలభై ఏళ్లుగా తెల్లారి లేస్తే
కిటికీ చెక్క, బిందె మూత, దేవుడి పటం,
మనవల చెంపలు,
అదే గుడ్డ, అదే వరస.
ఆ రోజు వరసలోకి పలకొచ్చింది.
"ఒలే గుంటా, మసి కనబడితే తుడుత్తారు గానీ
దాసుకుంతారేటే?" అందట.

"పదికీ పన్నెండుకీ సగటు కట్టేద్దాం టీచర్,
ఎవరికి తెలుస్తుంది?"
గఫూర్ అప్పటికే పెన్సిలుతో కమ్మీ గీసేశాడు,
పక్కవాటికంటే అందంగా.

నేను ఏమీ అనలేదు.
ఎనిమిదేళ్ల క్రితం నేనూ
ఒక థర్మామీటరు చేత అబద్ధం చెప్పించాను.
రెండో బహుమతి వచ్చింది.
ఆ కప్పు హెడ్మాస్టరు గదిలో ఉంది,
అటెండరు దానిలో గుండుసూదులు పోస్తాడు.

లిఖిత రబ్బరు తీసింది.
రుద్దితే చార్టు కాస్త చిరిగింది కూడా.
తర్వాత సంచిలోంచి ఒక పాలిథిన్ కవరు,
లోపల ఎర్రయ్యమ్మ గుడ్డ.
ఒకప్పుడు లంగా ముక్క, ఇప్పుడు రంగు పోల్చలేం.
ఖాళీ కింద పిన్ను గుచ్చింది.

"ఇందులో ఎన్ని చుక్కలున్నాయి?" అన్నాను, జడ్జీ గొంతుతోనే.
"తెలీదు సార్."
"మరెందుకు పెట్టావు?"
కాసేపు ఆలోచించింది.
"పోలేదు కదా సార్, ఎక్కడికీ."

చీకటి పడింది. ఓడ కూసింది.
కత్తిరించిన థర్మాకోల్ తెల్లగా మా ఒళ్లో రాలుతోంది.
గఫూర్ బల్ల కింద దూరి బ్యాటరీ బల్బు సరిచేస్తున్నాడు.
అప్పుడు, నాకొక్కదానికే వినిపించేలా:
"మా నాన్న ఆ బెర్తులోనే టిప్పరు నడుపుతాడు.
అడిగితే?"
అడగరులే అన్నాను.
"అడిగితే టీచర్?"

దానికి రిహార్సల్ నా దగ్గర లేదు.

పొద్దున ఆటోలో బోర్డు పట్టలేదు,
సగం బయటికి, దుప్పటి చుట్టి.
కాన్వెంట్ జంక్షన్లో బొగ్గు లారీ వెనక ఆగాం.
గఫూర్ రెండు చేతులతో బోర్డుని కౌగిలించుకుని
ఊపిరి బిగబట్టాడు.
లిఖిత మాత్రం రోడ్డుకేసి చూస్తూ
ఒకే మాటని రకరకాలుగా పలికి చూసుకుంటోంది,
ఒకసారి భయంగా, ఒకసారి గట్టిగా,
ఒకసారి ఎదుటివాడు అడిగినందుకు
తనకే సంతోషమైనట్టు:
తెలీదు సార్.
తెలీదు సార్.
ఇంకా తెలీదు సార్.